దెబ్బ తిన్న మెదడు మళ్ళీ పాఠాలు నేర్చుకుంటుంది

మీలో ఎవరికైనా ఎప్పుడైనా చెయ్యి విరిగిందా? విరిగి ఉంటే ఆ సంగతి మీ తరగతిలో అందరికీ తెలిసే ఉంటుంది. తెల్లని పిండికట్టు, మెడలో వేలాడే గుడ్డ, కట్టు మీద స్నేహితుల సంతకాలు! కొన్ని వారాలు గడిచాక డాక్టరు కట్టు విప్పుతాడు. మీరు మళ్ళీ బంతి విసరగానే "వీడికి నయమైంది" అని అందరూ అనుకుంటారు. ఆ మాట నిజమే.

మరి దెబ్బ మెదడుకు తగిలితే? మెదడుకు పిండికట్టు వేయటానికి వీలులేదు. పై గాయం మానుతుంది, గుండు చేసిన చోట జుట్టు మొలుస్తుంది. పిల్లవాడు లేచి నడుస్తాడు. చూసినవాళ్ళు "బాగైపోయాడు" అంటారు. కాని లోపల జరగవలసిన పనిలో ఎక్కువ భాగం ఇంకా మిగిలే ఉంటుంది. ఆ పని ఏమిటి? అందులో ఇంటివారికీ, మీవంటి తోటి విద్యార్థులకూ ఉన్న పాత్ర ఏమిటి? ముప్ఫై ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నా ఈ విషయం నాకు సరిగా తెలియలేదు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి వల్ల తెలిసింది. ఆ కథ చెబుతూ శాస్త్ర విషయాలు వివరిస్తాను.

ఒక సాయంత్రం

మా ధర్మవరం పట్టుచీరలకు పేరుపొందిన ఊరు. ఏ వీధిలో నడిచినా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఈ అబ్బాయి తండ్రి మగ్గం నేస్తాడు, తల్లి రాట్నం మీద కండెలు చుడుతుంది. ఇంట్లో అవ్వ, ఒక చెల్లెలు. అబ్బాయికి అప్పుడు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. లెక్కల్లో చురుకైనవాడు.

మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం మేనమామ మోటారుసైకిలు వెనుక కూర్చుని బత్తలపల్లి వైపు నుంచి ఊరికి వస్తున్నాడు. రోడ్డుకు అడ్డంగా కుక్క వచ్చింది. మామ గట్టిగా బ్రేకు వేశాడు. ఇద్దరూ పడ్డారు. మామకు మోచేతులు గీసుకుపోయాయి. అబ్బాయి తల రోడ్డు అంచుకు కొట్టుకుంది. ఇద్దరి తలల మీదా హెల్మెట్టు లేదు. మామది ఇంట్లో మేకుకు తగిలించి ఉంది.

108 వాహనం వచ్చి అనంతపురం చేర్చింది. అక్కడి నుంచి ఆ రాత్రే బెంగుళూరు తీసుకుపోయారు. తొమ్మిది రోజులు అబ్బాయి కళ్ళు తెరవలేదు.

లోపల ఏం జరిగింది?

మన మెదడు బరువు సుమారు 1300 నుంచి 1400 గ్రాములు. శరీరం బరువులో ఇది దాదాపు రెండు శాతమే అయినా, మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదో వంతు దీనికే ఖర్చవుతుంది. ఇందులో సుమారు 8600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. మెదడు గట్టిది కాదు, జున్నులాగా మెత్తగా ఉంటుంది. దాని చుట్టూ మూడు పొరలు, వాటి నడుమ మస్తిష్కమేరు ద్రవం, ఆపైన కపాలం ఉంటాయి. ద్రవంలో తేలుతూ ఉండటం వల్ల మెదడు బరువు సుమారు 50 గ్రాములే ఉన్నట్లు అవుతుంది. అందుకే మనం పరుగెత్తినా గెంతినా దానికి ఏమీ కాదు.

ఈ సంగతిని మీరే పరీక్షించవచ్చు. కోడిగుడ్డు ఉడికించి పెంకు తీయండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో వేసి అటూ ఇటూ ఊపండి. గుడ్డు చితికిపోతుంది. మరొక గుడ్డు వేసి, డబ్బా నిండా నీళ్ళు పోసి అంతే బలంగా ఊపండి. ఈసారి గుడ్డు చాలావరకు నిలుస్తుంది. ఇప్పుడు అదే డబ్బాను బల్ల అంచుకు గట్టిగా కొట్టి చూడండి. నీరు కాపాడటానికి కూడా ఒక హద్దు ఉన్నదని తెలుస్తుంది.

జడత్వం గురించి మీరు చదివారు కదా! తల రోడ్డుకు తగిలి ఆగిపోతుంది. లోపలి మెదడు మాత్రం ముందుకే పోయి కపాలానికి కొట్టుకుంటుంది. వెనక్కు వచ్చి రెండో వైపు కూడా కొట్టుకోవచ్చు. తల గిర్రున తిరిగితే ఇంకా ప్రమాదం. ఒక నాడీకణాన్ని మరొక దానితో కలిపే సన్నని పొడవైన తంతువులు, అంటే ఆక్సాన్లు, సాగి దెబ్బతింటాయి. కొన్ని అప్పటికప్పుడే తెగవు, గంటల తరబడి క్రమంగా పాడవుతాయి. ఇవి చాలా సన్ననివి కాబట్టి స్కానులో ఏమీ కనిపించకపోవచ్చు కూడా.

రక్తనాళం చిట్లితే రక్తం గడ్డకడుతుంది. దెబ్బతిన్న మెదడు వాస్తుంది. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది కాని, కపాలం సాగదు. ఉన్న చోటు చాలక లోపలి పీడనం పెరిగి, మెదడుకు రక్తం అందటం తగ్గుతుంది. అందుకే మొదటి గంటలు అంత విలువైనవి.

మా అబ్బాయికి తల ఎడమవైపు రక్తపు గడ్డ ఏర్పడింది. డాక్టర్లు గడ్డ తీసివేశారు. మెదడు వాచి ఉండటం వల్ల కపాలంలో ఒక ఎముక ముక్కను తిరిగి పెట్టకుండా, పొట్ట చర్మం కింద భద్రపరిచారు. మీకు వింతగా తోచవచ్చు. ఎముక చెడకుండా ఉండటానికి రోగి శరీరాన్ని మించిన చోటు ఏముంది? వాపు తగ్గాక, కొన్ని నెలలకు దాన్ని తిరిగి తలలో అమర్చారు.

స్పృహకు మార్కులు

స్పృహ ఎంత ఉన్నదో కొలవటం ఎలా? 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక సులభమైన కొలత రూపొందించారు. కళ్ళు తెరవటానికి 4 మార్కులు, మాటకు 5, కాళ్ళూ చేతులూ కదలటానికి 6. మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తాయి. 8 లేక అంతకన్నా తక్కువ వస్తే తీవ్రమైన గాయం అన్నమాట. ఆస్పత్రి చేరేసరికి మా అబ్బాయికి వచ్చినవి 7. ఏ పరికరమూ అక్కరలేని ఈ పరీక్షను నేడు ప్రపంచమంతటా వాడుతున్నారు.

మన దేశంలో మొట్టమొదటి నాడీశస్త్రచికిత్స విభాగాన్ని 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జాకబ్ చాందీ ప్రారంభించారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1974లో ఏర్పడింది. కత్తి కోయకుండా మెదడును చూపించే సి.టి. స్కానర్‌తో మొదటి రోగిని 1971లో లండన్‌లో పరీక్షించారు. అందుకు కృషి చేసిన హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి లభించింది. అంతకు ముందు ఇటువంటి దెబ్బ తగిలిన పిల్లలు బతకటం మరింత కష్టంగా ఉండేది. ఇప్పుడు చాలామంది బతుకుతున్నారు. బతికినవారు తిరిగి బడికి రావటం ఎలా అన్నది తరువాతి ప్రశ్న.

మేలుకోవటం సినిమాలో వలె ఉండదు

సినిమాలో కథానాయకుడు హఠాత్తుగా కళ్ళు తెరిచి "అమ్మా!" అంటాడు. మన అబ్బాయి పదో రోజున కళ్ళు తెరిచాడు గాని ఎవరినీ చూడలేదు. మరి మూడు రోజులకు తల్లి వేలు పట్టుకున్నాడు. ఇంకో వారానికి ఒక మాట అన్నాడు. చెంబు చూపించి ఇదేమిటని అడిగితే "నీళ్ళు తాగేది" అనేవాడు. చెంబు అన్న పేరు దొరికేది కాదు. మాటకు సంబంధించిన భాగాలు చాలామందికి మెదడు ఎడమవైపునే ఉంటాయని 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుని పరిశోధనలతో వెల్లడి కాసాగింది. ఎడమ మెదడు కుడిచేతిని నడుపుతుందని మీకు తెలుసు. అందువల్ల అతని కుడిచెయ్యి కూడా బలహీనపడింది.

ఐదు వారాలకు ధర్మవరం తీసుకువచ్చారు. ఎముక తిరిగి అమర్చాక, ప్రమాదం జరిగిన ఆరో నెలలో బడికి పంపారు.

నేను చేసిన తప్పు

అబ్బాయి బడికి వచ్చిన మొదటి వారంలో నేను ఒక ప్రశ్న అడిగాను. అతను నా వైపు చూస్తూ నిలబడ్డాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాను. కిటికీ వైపు చూశాడు. "ఏమప్పా, ఆరు నెలలు ఇంట్లో ఉండి బద్ధకం మరిగినావా?" అన్నాను. పిల్లలు నవ్వారు. అతను బల్ల మీద తల పెట్టుకున్నాడు. మరునాడు బడికి రాలేదు.

ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తండ్రి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, చాప వేసి కూర్చోమన్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కొంచెం సేపు ఊరకుండి, "వాడు ఇంటికొచ్చినాడు సార్. నడుస్తాండాడు, తింటాండాడు. అయితే మా పిల్లోడు ఇంకా పూర్తిగా రాలా సార్" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో వాళ్ళు ఆరు నెలలుగా చేస్తున్నదేమిటో అప్పుడు అడిగి తెలుసుకున్నాను.

తెగిన పోగులు

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు అతుకు వేస్తాడు. మెదడులో ఆక్సాన్ తెగితే అటువంటి అతుకు సాధారణంగా పడదు. చచ్చిన నాడీకణం తిరిగి బతకదు. నాడీకణాల నిర్మాణాన్ని వెల్లడించి 1906లో నోబెల్ బహుమతి పంచుకున్న కహాల్ కూడా, ఎదిగిన మెదడులో దారులు స్థిరపడిపోయి ఉంటాయనే భావించాడు.

అయితే పిల్లవాడు మాటలు ఎలా తిరిగి నేర్చుకున్నాడు? మొదటి కారణం, వాపు తగ్గాక, చావకుండా మూర్ఛపోయినట్లు ఉన్న భాగాలు మళ్ళీ పని ప్రారంభిస్తాయి. రెండోది, మిగిలిన నాడీకణాలు కొత్త కొమ్మలు వేసి, కొత్త సంధులు ఏర్పరచుకొని, పోయిన వాటి పనిలో కొంత పంచుకుంటాయి. కలిసి పనిచేసే నాడీకణాల మధ్య బంధం బలపడుతుందని డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించాడు. అంటే కొత్త దారి ఏర్పడాలంటే ఆ దారిన మళ్ళీ మళ్ళీ నడవాలి.

1996లో రాండాల్ఫ్ నూడో బృందం కోతుల మీద చేసిన ప్రయోగం దీన్ని బాగా చూపింది. చేతిని నడిపే మెదడు భాగంలో కొంత దెబ్బతిన్న కోతులకు ఆ చేతితో మేత ఏరుకొనే అభ్యాసం ఇచ్చారు. చేతికి చెందిన మిగిలిన భాగం తగ్గకుండా నిలిచింది. కొన్నిటిలో పక్కకు విస్తరించింది కూడా. అభ్యాసం లేని కోతుల్లో మిగిలిన భాగం కూడా కుంచించుకుపోయింది.

ఈ ప్రయోగం సంగతి ఆ అవ్వకు తెలియదు. కాని ఆమె మనవడికి అన్నం ఎడమచేతికి అందకుండా పెట్టి, కుడిచేత్తోనే తినమనేది. మెతుకులు నేల మీద పడేవి. ఏరి తీసేది. మరునాడు మళ్ళీ అంతే. ఫిజియోథెరపిస్టు చెప్పినదీ అదే.

చేతులు మరవలేదు

నేను వెళ్ళినప్పుడు అబ్బాయి రాట్నం ముందు కూర్చుని ఉన్నాడు. కుడిచేత్తో చక్రం మెల్లగా తిప్పుతూ, ఎడమచేత్తో పోగు పట్టుకుని కండె చుడుతున్నాడు. "పొద్దున ఏం తిన్యాడో చెప్పలేడు సార్. పోగు మాత్రం తెగనీడు" అంది తల్లి.

ఇందులో ఒక రహస్యం ఉంది. జ్ఞాపకం ఒక్క రకం కాదు. జరిగిన సంగతులు గుర్తుంచుకోవటానికి హిప్పోకాంపస్ అనే భాగం ముఖ్యం. సైకిలు తొక్కటం, ఈత, కండె చుట్టటం వంటి చేతి నేర్పులకు అనుమస్తిష్కం, మెదడు లోతున ఉన్న మరికొన్ని భాగాలు ముఖ్యం. 1953లో మూర్ఛల కోసం శస్త్రచికిత్స జరిగిన హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ ఆపైన కొత్త సంగతులేవీ గుర్తుంచుకోలేకపోయాడు. కాని అద్దంలో చూస్తూ నక్షత్రం గీయటం నేర్పితే రోజురోజుకూ మెరుగయ్యాడు. తాను ముందు రోజు గీసినట్టే అతనికి గుర్తులేదు! బ్రెండా మిల్నర్ చేసిన ఈ పరిశీలన శాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైనది.

ఆ తల్లి రోజుకు అరగంట మాత్రమే రాట్నం తిప్పనిచ్చేది. అది కుడిచేతికి వ్యాయామం, తనకూ ఒక పని వచ్చునన్న ధైర్యం.

జ్ఞాపకానికి వాళ్ళు ఒక నోటుపుస్తకం పెట్టారు. ఏం తిన్నాడో, ఎవరు వచ్చారో, మందు వేసుకున్నాడో లేదో చెల్లెలు రాసేది. తరువాత అతనే రాయసాగాడు. లేవటం, స్నానం, అన్నం, నిద్ర రోజూ ఒకే వేళకు. ఒకసారి ఒకే పని చెప్పాలి. ప్రశ్న అడిగితే మనసులో పది లెక్కపెట్టి ఆగాలి. ఇరవై నిమిషాలు చదివితే కాసేపు విశ్రాంతి. దెబ్బతిన్న మెదడుకు మామూలు పని కూడా బరువే. మీరు రోజంతా ఎండలో నడిచాక కలిగే అలసట అతనికి రెండు పీరియడ్లకే కలిగేది. నేను బద్ధకం అన్నది దాన్నే.

కోపం ఎవరిది?

ఒక రాత్రి అబ్బాయి అన్నం కంచం విసిరికొట్టాడు. అంతకు ముందు పెద్దలకు ఎదురు చెప్పి ఎరుగడు. కోపాన్ని అదుపులో ఉంచే పని నుదుటి వెనుక ఉన్న భాగానిది. అది దెబ్బతింటే ఆ అదుపు సడలుతుంది. 1848లో అమెరికాలో రైలుమార్గం పనిలో ఉన్న ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ తలలోంచి మీటరుకు పైగా పొడవున్న ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు గాని, స్వభావం మారి తిట్లూ మొండితనమూ ఎక్కువయ్యాయి. ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంటుంది. తరువాతి కథ తక్కువమంది చెబుతారు. గేజ్ దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి పోయి, కొన్నేళ్ళపాటు గుర్రపు బండ్లు నడిపాడు. రోజూ ఒకే వేళకు, ఒకే తీరుగా చేసే పని, నమ్మి పని అప్పగించిన మనుషులు ఉండటం వల్ల అతడు చాలావరకు కోలుకున్నాడని నేటి పరిశోధకులు కొందరు భావిస్తున్నారు.

ఈ కష్టం ఒక్క అబ్బాయిది కాదు. తండ్రి మగ్గం నెలన్నర ఆగింది. చీర నేస్తేనే కూలి, నేయకపోతే అప్పు. మామ ఏడాది దాకా ఆ ఇంటి గడప తొక్కలేకపోయాడు. చివరకు అవ్వే పోయి చెయ్యి పట్టుకు తీసుకువచ్చింది. చెల్లెలు నాతో, "అందరూ అన్న ఎట్లుండాడని అడుగుతారు సార్. నన్నెవరూ అడగరు" అంది. ఆ తరువాత నేను ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ముందు ఆ పిల్లనే పలకరించేవాణ్ణి.

ఎడమచేతి పీరియడు

మరుసటి సోమవారం అబ్బాయి బడికి రాకముందే, తరగతికి ఒక పని ఇచ్చాను. ఎడమచేతి వాటం వాళ్ళు కుడిచేత్తోనూ, మిగిలినవాళ్ళు ఎడమచేత్తోనూ ఒక పేజీ రాయాలి. రాస్తుండగా నేను ఎక్కాలు అడుగుతాను, వెంటనే చెప్పాలి. పది నిమిషాల్లో మెడలు నొప్పి పుట్టాయి. ఏడు ఎనిమిదులెంతో తెలిసినవాళ్ళు కూడా చెప్పలేకపోయారు. ఇద్దరికి కోపం వచ్చింది. "మీరు పది నిమిషాలు చేసిన ఈ పని మీ స్నేహితుడు పొద్దున లేచింది మొదలు చేస్తున్నాడు" అన్నాను. నా తప్పు కూడా ఒప్పుకున్నాను. అప్పటి నుంచి పక్క కుర్రవాడు నోట్సు రాసి ఇవ్వటం, మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వటం పిల్లలే ఏర్పాటు చేసుకున్నారు. మీరూ ఈ పని ఒకసారి చేసి చూడండి.

ఒక అపోహ

"చిన్నపిల్లలు కదా, త్వరగా కోలుకుంటారు" అంటూ ఉంటారు. 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ కోతిపిల్లలపై చేసిన ప్రయోగాలు ఈ నమ్మకానికి బలం ఇచ్చాయి. తరువాత తెలిసినదేమిటంటే, ఇది అన్నివేళలా నిజం కాదు. పిల్లల మెదడు ఇంకా పెరుగుతూ ఉంటుంది. ప్రణాళిక వేయటం, నిగ్రహం వంటి శక్తులు యౌవనంలో గాని పూర్తిగా రావు. ఆ భాగం ముందే దెబ్బతింటే, లోపం పై తరగతులకు వచ్చాక బయటపడవచ్చు. కనుక రెండేళ్ళు గడిచినా అటువంటి విద్యార్థిని గమనిస్తూనే ఉండాలి. డాక్టరు చెప్పకుండా మూర్ఛ మందులు మానకూడదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవారిని కుదపవద్దు, లేపి కూర్చోబెట్టవద్దు. నోట్లో నీళ్ళు పోయవద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ కదలకుండా పట్టుకొని 108కి ఫోను చేయండి. స్పృహలో ఉన్నా వాంతులు ఎక్కువైనా, తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ముక్కు చెవుల నుంచి రక్తం గాని నీరు గాని కారినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

హెల్మెట్టు లోపలి థర్మోకోల్ వంటి పొర దెబ్బకు నలిగి, తల ఆగటానికి పట్టే కాలాన్ని పెంచుతుంది. కాలం పెరిగితే బలం తగ్గుతుంది. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కు తీస్తారు కదా, అదే సూత్రం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటినవారు వెనుక కూర్చున్నా హెల్మెట్టు పెట్టుకోవాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి, గడ్డం కింది పట్టీ బిగించండి.

ఆ అబ్బాయి పదో తరగతి చదివే ఏడు కూడా నోటుపుస్తకం జేబులోనే ఉండేది. కుడిచేతి రాత నెమ్మది. లెక్కల్లో మునుపటి వేగం రాలేదు. ఒకరోజు వక్రీభవనం గురించి అతన్ని ఒక ప్రశ్న అడిగాను. లేచి నిలబడ్డాడు. నేను మనసులో పది లెక్కపెట్టాను. జవాబు రాలేదు. మరో పది లెక్కపెట్టాను. తరగతిలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. పద్దెనిమిది దగ్గర అతను జవాబు చెప్పాడు. సరైన జవాబే.